బండి నీది, రంగు మాది

రెంటచింతల,
12 జనవరి 2025.

అక్కకు,

మీ మఠంలో ఫోను మదర్ గారి గదిలోనే ఉంటుంది, గోడ లోపలి సిస్టర్లకు ఉత్తరాలే దారి. ఆ నియమం లేకపోతే ఈ సంగతి పోయిన వారమే నీ చెవిలో అరిచి చెప్పేవాణ్ణి. అక్కా, నేను ఓనర్‌నయ్యాను.

ఇన్నేళ్ళూ నేను తోలింది పిడుగురాళ్ళ వెంకట్రామయ్య గారి బండే కదా. ఆయన బళ్ళన్నీ అమ్మేస్తున్నారు. కొడుకులకు ఈ పని ఇష్టం లేదు. నన్ను పిలిచి, "ఒరేయ్ శౌరీ, నువ్వు తోలేది నువ్వే తీసుకోరా. ఇంకోడి చేతికిస్తే దాని గేర్లు పాడుజేస్తాడు" అన్నారు. బ్యాంకువాళ్ళు ఒప్పుకున్నారు. మన గుడి ముందు నిలబెట్టి, ఫాదర్ గారి చేత మంత్రించిన నీళ్ళు చల్లించాను.

కాని నా చేతికొచ్చింది ఇంజనూ కేబినూ ఉన్న ముందు బండి మాత్రమే. వెనక తగిలించే ట్రైలర్ అప్పటికే ఎవరికో అమ్ముడుపోయింది. తల ఉంది, ఒళ్ళు లేదు. ఏ ఒళ్ళు తగిలించాలి, ఏ కంపెనీకి అటాచ్ పెట్టాలి అన్నదే ఇప్పుడు ఆలోచన.

మొదటిది సిమెంటు. దాచేపల్లి వైపు ఒక ఫ్యాక్టరీకి బళ్ళు పెట్టే కాంట్రాక్టరు బల్కర్ కొనుక్కుని రమ్మంటున్నాడు. బల్కర్ అంటే సిమెంటు పొడిని బస్తాలు లేకుండా నింపి, గాలితో దించే పెద్ద ట్యాంకు. లోడుకు లోటుండదు. హైదరాబాదులో దించి రావడమే పని. రోజు మార్చి రోజు ఇంటి అన్నం. అగ్రిమెంటు ఐదేళ్ళు.

రెండోది పైన ఏమీ లేని నలభై అడుగుల బల్ల ట్రైలర్. నరసరావుపేట అలీ సాహెబ్ గారి బళ్ళు మాచర్లలో నాన్న షెడ్డుకు రిపేరుకి వచ్చేవి, గుర్తుందా? ఇప్పుడు ఆయన కూతురు మెహ్జబీన్ గారు ఆ ట్రాన్స్‌పోర్ట్ నడుపుతున్నారు. ఇక్కడి పత్తి బేళ్ళు కోయంబత్తూరు మిల్లులకు పోతాయి. వచ్చేటప్పుడు ఏది దొరికితే అది. ఒకసారి మిషన్లు, ఒకసారి ఇనుప దూలాలు, ఒకసారి ట్రాన్స్‌ఫార్మరు. ఆ బల్ల మీద ఏనుగునైనా కట్టుకుని పోవచ్చు. రేపు ఏ ఊళ్ళో ఉంటామో ఇవాళ తెలియదు.

నీ మరదలు సుస్మితకు బల్కరే నచ్చింది. స్కూల్లో పాఠాలు చెప్పి వచ్చాక ఇంట్లో ఒక్కతే ఉంటుంది కదా. నాకూ అదే మంచిదనిపిస్తోంది. కాంట్రాక్టరు మేనేజరు శేషగిరిరావు గారు టీ ఇప్పించి మర్యాదగా మాట్లాడారు. కాగితాలు ఇంటికే పంపారు. సంతకం పెట్టడమే తరువాయి. నీ మాట కోసం ఆగాను.

నీ తమ్ముడు,
శౌరి.


కడప,
3 ఫిబ్రవరి.

యేసు మరియ జోజప్ప

ఒరేయ్ శౌరీ,

ఓనర్ గారికి వందనాలు. నీ ఉత్తరం అందిన రోజు భోజనాల దగ్గర మదర్ గారు మాట్లాడుకోవడానికి అనుమతి ఇస్తే, అందరికీ నీ బండి గురించే చెప్పాను. ఒక ముసలి సిస్టరు "దానికెన్ని చక్రాలు?" అని అడిగింది. చెబితే నోరు నొక్కుకుంది.

ఇప్పుడు నా మాట. నీకు బల్కర్ మంచిదనిపించడం లేదు. దాని గురించి రాసినంతసేపూ నీ అక్షరాలు ముడుచుకుని కూర్చున్నాయి. నలభై అడుగుల బల్ల దగ్గరికి రాగానే కాళ్ళు చాపుకున్నాయి. చిన్నప్పుడూ అంతే, ఇష్టంలేని పాఠాన్ని మూలకు ఇరికించి రాసేవాడివి.

అయితే ఇష్టం ఒక్కటే చాలదు. నేను కూడా ఒక అగ్రిమెంటు మీద సంతకం పెట్టినదాన్నే. అది ఐదేళ్ళకు కాదు, చచ్చేదాకా. ఆ సంతకానికి ముందు నన్ను ఏళ్ళ తరబడి ఆపారు. ఏటా మదర్ గారు పిలిచి, "దేవమ్మా, ఇంటికి పోవాలనుందా? ఉంటే చెప్పు, టికెట్ నేనే కొనిస్తాను" అనేవారు. మొదటిసారి నాకు ఏడుపొచ్చింది, పంపించేస్తారేమోనని. తర్వాత అర్థమైంది. గేటు తెరిచే ఉందని తెలిసింది కాబట్టే నేను లోపల నిశ్చింతగా ఉండగలిగాను.

నువ్వు ఇద్దరినీ ఒకటే ప్రశ్న అడుగు: "ఏడాదికి నచ్చకపోతే నేను ఎట్లా వెళ్ళాలి?" వాళ్ళు ఏం చెప్పారో రాయి. చెప్పే ముందు మొహం ఎట్లా పెట్టారో అది కూడా రాయి.

పాత ట్రైలర్ కొనేటట్టయితే కొత్తగా రంగు వేసిన చోట గోకి చూడు. షెడ్డులో నాన్న పక్కన కూర్చుని స్పానర్లు అందించింది నేను, నువ్వు కాదు. నువ్వు మాగాయ ముక్క చీకుతూ తిరిగేవాడివి.

సుస్మిత మాట తోసెయ్యకు. ఆమె అడుగుతున్నది బల్కర్ కాదు.

నీ అక్క.


రెంటచింతల,
9 మార్చి.

అక్కా,

నువ్వు చెప్పినట్టే అడిగాను. ముందు దాచేపల్లి వెళ్ళాను. శేషగిరిరావు గారు మళ్ళీ టీ తెప్పించారు.

"ఏడాదికి నచ్చకపోతే ఎట్టా పోవాలండీ?" అన్నాను.

ఆయన పడీపడీ నవ్వారు. "ఏందయ్యా, పెళ్ళిచూపుల్లోనే విడాకులు అడుగుతున్నావ్? లోడిస్తన్నాం, డీజిలిస్తన్నాం. ఎందుకు పోతావ్?"

"పోవాలనుకుంటేనండీ."

నవ్వు ఆగింది. "మా రంగు ఏసుకోవాల. బయట లోడు ఎత్తకూడదు. బండి ఒరిజినల్ కాగితాలు మా బీరువాలో ఉంటయి. ఐదేళ్ళు అయినాక చూద్దాం."

"బండి నాదేగదండీ?"

"బండి నీదే. రంగు మాది."

ఆ మాట అని టీ కప్పు పక్కకు జరిపారు. బయట బల్కర్ల లైన్లో సుధీర్ బాబు కనిపించాడు. వెంకట్రామయ్య గారి దగ్గర నాతోపాటు తోలినవాడే. చెట్టు లేదు, నీడ లేదు, బండి కిందే తువ్వాలు పరుచుకుని పడుకుని ఉన్నాడు. "మొన్న పెట్టా అన్నా లైన్లో. ఇంటికాడ ఉంటావని చెప్పారు గదా, నిజమే, ఇల్లు ఇక్కడికి చానా దగ్గర. పోవడానికే లేదు" అన్నాడు.

మర్నాడు నరసరావుపేట వెళ్ళాను. మెహ్జబీన్ గారు రెండు ఫోన్లలో మాట్లాడుతూ నన్ను కూర్చోమని సైగ చేశారు. టీ ఇవ్వలేదు. అదే ప్రశ్న అడిగాను. ఆవిడ నవ్వలేదు, చిరాకూ పడలేదు.

"నెల ముందు చెప్పు. లోడు మీదుంటే దించి పో. అంతే."

"అంతేనా అండీ?"

"నువ్వు పోతే నాకు నష్టమే. పోకుండా చూసుకోవడం నా పని. లోడు నచ్చకపోతే వద్దను. వరసబెట్టి వద్దంటే మాత్రం నేనే నిన్ను వద్దంటా. ఇంకోటి శౌరీ, తిరుగు లోడు ప్రతిసారీ ఇయ్యలేను. ఖాళీగా వచ్చే రోజులుంటయి. ఇంట్లో చెప్పొచ్చావా?"

"చెప్పానండీ."

"ఒప్పుకున్నారా?"

నేను చేతిలో తాళంచెవి తిప్పుతూ కూర్చున్నాను.

"ఒప్పించుకుని రా" అని మళ్ళీ ఫోను ఎత్తారు.

ఇంటికొచ్చి సుస్మితకు అంతా చెప్పాను. సుధీర్ బాబు సంగతి కూడా దాచలేదు. ఆమె కూర తరుగుతూ వింది. చివరికి, "మీకు రోడ్డు కావాలి. నాకు సాయంత్రం పూట ఒక మనిషి కావాలి. దీనికి ఏ ట్రైలరూ పనికిరాదు" అంది. రెండు రోజులు మా మధ్య అన్నం, నీళ్ళు తప్ప మాటల్లేవు.

మూడో రోజు నేనే అన్నాను. "మెహ్జబీన్ గారి దగ్గర నెల నోటీసు చాలు. వేసవి సెలవుల్లో నాతో ఒక ట్రిప్పు రా. చూశాక వద్దంటే మానేస్తా, బల్కరే కొంటా."

"నేను చెప్పిందే ఆఖరు మాటా?"

"నీదే."

"అయితే కానివ్వండి" అంది. ఆ ఒప్పుకోవడం చూస్తే, వద్దని చెప్పడానికే బయల్దేరేటట్టుంది.

ట్రైలర్ విజయవాడ ఆటోనగర్‌లో తీసుకున్నాను. మొదట చూసింది పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది. కింద పడుకుని తాళంచెవితో గోకాను. రంగు కింద పొడుగాటి అతుకు, అతుకు పక్కనే మళ్ళీ చీలిక. అమ్మేవాడు వేరే వైపు చూశాడు. రెండోది తుప్పు పట్టి ఉంది కాని, దూలాలు నిటారుగా, అతుకు లేకుండా ఉన్నాయి. దాన్నే తెచ్చాను. ఏ రంగు వెయ్యాలో ఇంకా అనుకోలేదు. వేస్తే నేనే వేస్తాను.

శౌరి.


కడప,
14 ఏప్రిల్.

యేసు మరియ జోజప్ప

శౌరీ,

సంతోషం. తుప్పును నమ్మినవాడివి, పర్వాలేదు.

సుస్మితకు కేబిన్‌లో మెత్తటి దిండు ఒకటి వెయ్యి. నీ మాటల కంటే అది ఎక్కువ పని చేస్తుంది.

ఒక మాట అడుగుతాను. ఒక చోట లోపల ఎట్లా ఉంటుందో బయటి నుంచి నువ్వు ఎట్లా కనిపెడతావు? అంటే ఒక ఫ్యాక్టరీయో, మిల్లో అనుకో. ఊరికే అడుగుతున్నాను.

ఇక్కడ ఎండలు మండుతున్నాయి. ఉంటాను.

అక్క.


రెంటచింతల,
1 జూన్.

అక్కా,

సుస్మిత వచ్చింది. మొదటి నుంచీ చెబుతాను.

నరసరావుపేటలో బేళ్ళు ఎక్కించుకుని, పైన పట్టా కప్పి, తాళ్ళు బిగించి బయల్దేరాం. ఒంగోలు దాకా ఆమె కిటికీలోంచే చూస్తూ కూర్చుంది. కావలి దగ్గర గాలివాన పట్టుకుంది. అద్దంలో చూస్తే వెనక పట్టా ఒక మూల లేచి రెక్కలా కొట్టుకుంటోంది. బేళ్ళు తడిస్తే మిల్లువాడు దించుకోడు. బండి పక్కకు తీసి పైకెక్కాను. గాలికి పట్టా చేతికి అందడం లేదు. కింద నుంచి కేక వినిపించింది, "తాడు ఇటు ఇసరండి!" చూస్తే సుస్మిత, కొంగు నడుముకు చుట్టి వానలో నిలబడి ఉంది. నేను విసిరాను, ఆమె కొక్కేనికి చుట్టి, కాలు అడ్డం పెట్టి లాగింది. "గట్టిగా, గట్టిగా" అని నేనంటుంటే, "నాకు తెలుసు, మీరు ఆ మూల చూసుకోండి" అని నన్నే కసిరింది. ఒక్క బేలు కూడా తడవలేదు.

మిల్లు గేటు దగ్గర అసలు కష్టం వచ్చింది. దించడానికి వంతు రాలేదన్నారు. ఆడమనిషి వెళ్ళడానికి మరుగుదొడ్డి లేదు. నేను తల వంచుకుని కూర్చున్నాను, అలవాటు కదా. సుస్మిత దిగి, పిల్లల్ని వరసలో నిలబెట్టే గొంతుతో వాచ్‌మన్‌ని దాటుకుని ఆఫీసులోకి పోయింది. ఆమెకు తమిళం రాదు, వాళ్ళకు తెలుగు రాదు. ఏం మాట్లాడిందో దేవుడికి తెలియాలి. తాళంచెవి పట్టుకుని వచ్చింది, స్టాఫు మరుగుదొడ్డిది. వెనక ఉన్న రెండు బళ్ళలోని ఆడవాళ్ళని కూడా పిలుచుకుపోయింది. ఇటు నేను ఫోన్ చేస్తే, మెహ్జబీన్ గారు మిల్లువాళ్ళతో పోట్లాడి మేము ఆగినందుకు ఇవ్వాల్సింది ఇప్పించారు.

వచ్చేటప్పుడు ఒంగోలు దాటాక ఆఖరు మాట అడిగాను. ఆమె దిండు సర్దుకుంటూ చెప్పింది. "పట్టా ఇంకా మందంది కొనండి. సెలవులన్నీ నేను వస్తాను. స్కూలున్న రోజుల్లో ప్రతి ఆదివారం మీరు గుడిలో నా పక్కన ఉండాలి. అది మీతో కాదు, ఆవిడతో మాట్లాడతా." అక్కడికక్కడే మెహ్జబీన్ గారికి ఫోన్ చేసింది. ఇద్దరూ నన్ను బేరం చేసుకుంటుంటే నేను బండి తోలుతూ కూర్చున్నాను. నెలలో మూడు ఆదివారాలకు తెగింది.

నువ్వు అడిగినదానికి జవాబు. గేటు దగ్గర నిలబడితే తెలుస్తుంది. అక్కడ తాగే నీళ్ళున్నాయా, వాచ్‌మన్ మనిషిని ఏమని పిలుస్తాడు. అంతకంటే, అక్కడ మానేసి పోయినవాళ్ళని అడగాలి. ఉన్నవాళ్ళు భయానికి పొగుడుతారు, లేదా అలవాటుకి తిడతారు. పోయినవాడు నిజం చెబుతాడు.

నువ్వు ఊరికే అడిగే మనిషివి కాదు. ఏంది సంగతి?

శౌరి.


కడప,
29 జూన్.

యేసు మరియ జోజప్ప

శౌరీ,

ఈ మఠం మూసేస్తున్నారు.

క్రిస్మస్ నాటికే తెలుసు. నీ కొత్త బండి సంతోషం మీద నీళ్ళు పొయ్యడం ఇష్టం లేక రాయలేదు. మేము ఎనిమిది మందిమి మిగిలాం, నాకంటే చిన్నది ఒక్కతే. కప్పు కురుస్తోంది, బాగు చేయించే శక్తి లేదు. మిగతా అందరూ హైదరాబాదు మఠానికి వెళుతున్నారు. పెద్దది, పక్కనే డాక్టర్లు. నాకు మాత్రం మదర్ గారు ఇంకో దారి కూడా చూపించారు. శృంగవరపుకోట పైన అనంతగిరి కొండల్లో కొత్తగా పెట్టిన చిన్న మఠం, ఐదుగురే ఉన్నారట. నేల దున్నడం దగ్గర నుంచి అన్నీ వాళ్ళే చేసుకుంటారట. "దేవమ్మా, నువ్వే తేల్చుకో" అన్నారు.

ఇరవై ఏళ్ళుగా ఏది తినాలో, ఎప్పుడు లేవాలో నేను తేల్చుకోలేదు. గంట కొడితే లేచాను. ఇప్పుడు తేల్చుకోమంటే ఆ గంట కోసమే చూస్తున్నాను. నీకు మాత్రం ఫిబ్రవరిలో పెద్ద ఆరిందాలా సలహాలు రాశాను. గేటు తెరిచి ఉంటే నిశ్చింత అన్నాను కదా, రెండు గేట్లు తెరిచి ఉంటే నిద్ర పట్టదని ఇప్పుడు తెలిసింది.

ఇన్నేళ్ళు ఒకే గిన్నెలో తిన్న మనుషులను వదిలి కొండ మీదికి పోవడం అహంకారమా? వాళ్ళతో పోవడం సోమరితనమా? ప్రార్థనలో అడిగితే నాకు నా గొంతే వినిపిస్తోంది.

నువ్వేమంటావు?

అక్క.


శృంగవరపుకోట,
17 ఆగస్టు.

అక్కా,

ఇది బండిలో కూర్చుని రాస్తున్నాను. నీ ఉత్తరం చదివాక మెహ్జబీన్ గారి దగ్గరికి వెళ్ళి, "హైదరాబాదు లోడు ఒకటి, విజయనగరం లోడు ఒకటి నాకే ఇవ్వండి" అన్నాను. ఎందుకని అడిగారు. చెప్పాను. "మీ అక్క కంపెనీ చూసుకుంటోందన్నమాట" అని, మిగతా బళ్ళను ఆపి నాకు ఇచ్చారు.

ముందు హైదరాబాదు. అక్కడ తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. గేటు దగ్గర మర్యాద ఉంది. లోపల పూలచెట్లు, పెద్ద ప్రార్థనాలయం. మీ వాళ్ళ కోసం గదులకు సున్నం వేస్తున్నారు. గేటు సిస్టరు నీ పేరు చెప్పగానే, "గ్రైండరు బాగుచేసే దేవమ్మేనా?" అంది. అక్కడ నీ కోసం ఎదురు చూస్తున్నారు.

ఇవాళ కొండ మీదిది. విజయనగరంలో ట్రాన్స్‌ఫార్మరు దించి, బండి ఇక్కడ పెట్టి బస్సులో పైకి వెళ్ళాను. వాన. పెంకుటిల్లు, కర్ర గేటు. నేను ఎవరినో చెప్పలేదు. లుంగీ, ఒంటి మీద గ్రీజు మరకలు. "నీళ్ళు కావాలమ్మా" అన్నాను. ముసలి సిస్టరు ఒకావిడ చెంబుతో నీళ్ళు తెచ్చింది. తాగుతుంటే, "అన్నం తిన్నావా, నాయనా?" అని అడిగి, లేదంటే పళ్ళెం తెచ్చింది. అన్నం చల్లగా ఉంది, పప్పు మాత్రం వేడిగా ఉంది.

ఆ నీళ్ళు బావి నుంచి చేత్తో తోడినవి. మోటారు చెడి చాలా రోజులైందట. విప్పి చూస్తానన్నాను. బేరింగు పోయింది. కొండ కింద కొత్తది కొని అదే బస్సు కండక్టరు చేత పంపించాను. బిగించే మనిషి వాళ్ళకు లేరు.

మానేసిన మనిషిని కూడా పట్టుకున్నాను. అక్కడ వంట చేసి వదిలేసిన ఆవిడ బస్టాపు పక్కన బజ్జీలు వేస్తోంది. "కష్టమే బాబూ. చలి, కరెంటుండదు. నేను మానేసింది మోకాళ్ళ నొప్పులకి. ఒకరి మీద ఒకరు అరుచుకోడం మాత్రం నేనెప్పుడూ వినలేదు" అంది.

చూసింది రాశాను. ఏది అని నేను చెప్పను. నువ్వు కూడా నాకు బల్లా, బల్కరా అని చెప్పలేదు. అహంకారమో సోమరితనమో నాకు తెలియదు కాని, నీ ఉత్తరంలో హైదరాబాదు గురించి రెండు ముక్కలు రాసి, కొండ దగ్గర మాత్రం నేల దున్నడం దాకా వెళ్ళావు. నీ అక్షరాలు నేనూ చదవగలను.

సుస్మిత నీకో ఊలు శాలువా కొంటానంటోంది. నేనింకా వద్దనలేదు.

శౌరి.


అనంతగిరి కొండలు,
20 అక్టోబరు.

యేసు మరియ జోజప్ప

శౌరీ,

పైన ఊరి పేరు చూశావు కదా.

కడపలో ఆఖరి రోజు ఎవరూ ఏడవకూడదని అనుకున్నాం, అందరం ఏడ్చాం. హైదరాబాదు వ్యాను ముందు వెళ్ళింది. చక్రాల లెక్కకు నోరు నొక్కుకున్న ముసలి సిస్టరు నా చెయ్యి వదలలేదు. "నువ్వు మాతో రాకపోతే నాకు కోపం, వస్తే నీకు కోపం. నాదైతే రెండు రోజుల్లో పోతుంది" అని, తనే వదిలేసి వ్యాను ఎక్కింది.

ఇక్కడ చలి నువ్వు చెప్పినదానికంటే ఎక్కువ. శాలువాకు సుస్మితకు నా ముద్దులు. పప్పు వేడిగానే ఉంటోంది. వచ్చిన మర్నాడే మోటారు బిగించాను. నీళ్ళు పైకి రాగానే ఐదుగురూ మౌనం మరిచిపోయి చప్పట్లు కొట్టారు. ఇక్కడి మదర్ గారు ఏమీ అనలేదు, ఆవిడా కొట్టారు కాబట్టి. ఇప్పుడు కూరగాయల మడి తవ్వుతున్నాను. చేతులు బొబ్బలెక్కాయి. నిద్ర బాగా పడుతోంది.

రైలు ప్రయాణం సంగతి చివరికి ఉంచాను. తోడుగా ఈ కొండ మఠం నుంచి ఒక సిస్టరు వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత కిటికీ పక్కన కూర్చున్నాను. పిఠాపురం దాటాక ఎక్కడో సిగ్నల్ లేక రైలు మెల్లగా పోతోంది. రోడ్డుకు గేటు పడి ఉంది. అవతల ఆగిన బళ్ళ లైన్లో అందరికంటే ముందు, ఒక పొడుగాటి బల్ల ట్రైలర్. పైన పట్టా కప్పి, తాళ్ళు బిగించి ఉంది. డ్రైవరు స్టీరింగు మీద గడ్డం ఆనించి చూస్తున్నాడు. నువ్వు ఆ వారం కోయంబత్తూరులో ఉన్నావని నాకు తెలుసు. అయినా కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటికి పెట్టి ఊపాను. పక్క సిస్టరు నా ముసుగు పట్టుకుని లాగింది. అతను ముందు తన వెనక్కి తిరిగి చూశాడు, ఎవరికోసమో అనుకుని. తర్వాత నా వైపు చూసి, నవ్వి, హారన్ మీద చెయ్యి పెట్టి, మా ఆఖరి పెట్టె దాటేదాకా తియ్యలేదు.

నీ అక్క,
దేవమ్మ.